లోతు సముద్రపు పైపులైన్ల భద్రతా నిర్ధారణలో గణాంక పద్ధతులు: కృష్ణా గోదావరి బేసిన్ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

కృష్ణా గోదావరి బేసిన్‌లో సముద్రగర్భం నుంచి సహజవాయువును, చమురును తీరానికి చేర్చే పైపులైన్లు తెలుగు తీరప్రాంత ఆర్థిక వ్యవస్థలో ముఖ్యమైన భాగమయ్యాయి. ఇటువంటి గొట్టాలు విఫలమయ్యే సందర్భాలు చాలా అరుదు. ఆ అరుదుతనం వల్లనే వాటి భద్రతను సంఖ్యలలో చెప్పడం కష్టమవుతుంది. వైఫల్యాల లెక్కింపు, బేయ్స్ పద్ధతి, అంత్య విలువల సిద్ధాంతం, తుప్పు కొలతల దోష విశ్లేషణ, నిర్మాణ విశ్వసనీయతా సిద్ధాంతం అనే అయిదు పద్ధతులను చిన్న చిన్న లెక్కలతో వివరించడం, ఒక్కొక్క పద్ధతి ఎంతవరకు చెప్పగలదో, ఎక్కడ ఆగిపోతుందో చూపడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: కృష్ణా గోదావరి బేసిన్, సాగరగర్భ పైపులైను, సంభావ్యత, తుప్పు, విశ్వసనీయత, నగరం దుర్ఘటన.

1. ఉపోద్ఘాతం

2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున తూర్పుగోదావరి జిల్లా మామిడికుదురు మండలం నగరం గ్రామంలో భూగర్భ వాయు పైపులైను పగిలి మంటలు చెలరేగాయి. ఇరవై మందికి పైగా ప్రజలు ప్రాణాలు కోల్పోయారు. కొబ్బరితోటలు, ఇళ్ళు దగ్ధమయ్యాయి. ఆ గొట్టం తాటిపాక నుంచి విజయవాడ సమీపంలోని కొండపల్లి విద్యుత్ కేంద్రానికి వాయువును తీసుకువెళ్ళే 18 అంగుళాల పైపులైను. కోనసీమలో పగిలిన గొట్టం రెండవ కొస కృష్ణా డెల్టా ముఖద్వారంలో ఉన్నదన్నమాట.

నగరం గొట్టం నేలమీదిది. లోతు సముద్రపుది కాదు. అయినా సముద్రగర్భంలో బయలుదేరిన వాయువు తీరం చేరి, శుద్ధి పొంది, ఇటువంటి గొట్టాల ద్వారానే ఊళ్ళ మధ్య ప్రయాణిస్తుంది. ఆ ముందురోజు వరకు ఆ గొట్టం ‘పనిచేస్తూనే’ ఉంది. నిన్నటి వరకు పనిచేసింది కాబట్టి రేపు కూడా పనిచేస్తుందనే అనుమానం ఎంతవరకు శాస్త్రీయం? భద్రతను అంచనా వేసే గణాంకశాస్త్రమంతా ఈ ప్రశ్న చుట్టూ అల్లుకున్నదే.

2. కృష్ణా గోదావరి తీరంలో సమస్య స్వరూపం

ఈ బేసిన్‌లో లోతు సముద్రపు సహజవాయు ఉత్పత్తి 2009 ఏప్రిల్‌లో రిలయన్స్ సంస్థ డీ-6 బ్లాకులో మొదలయింది. ఆ వాయువు కాకినాడ సమీపంలోని గాడిమొగ తీర కేంద్రానికి చేరుతుంది. అక్కడి నుంచి తూర్పు-పడమర పైపులైను తెలుగు నేల మీదుగా గుజరాత్‌లోని భరూచ్ వరకు సాగుతుంది. 2020 డిసెంబరులో ఉత్పత్తి ప్రారంభమయిన ఆర్-క్లస్టర్ క్షేత్రంలో నీటి లోతు 2,000 మీటర్లకు పైమాటే. ఓఎన్‌జీసీకి చెందిన 98/2 బ్లాకు నుంచి 2024 జనవరిలో మొదటి చమురు వెలువడింది. ఆ సంస్థ తీర కేంద్రం కోనసీమలోని ఓడలరేవులో ఉంది.

ఒకే గొట్టం తన మార్గంలో మూడు భిన్నమైన ప్రపంచాలను దాటుతుంది. రెండు వేల మీటర్ల లోతున బయటి నీటి పీడనం వాతావరణ పీడనానికి సుమారు రెండువందల రెట్లు. అక్కడి ముఖ్య భయం గొట్టం బయటికి పగలడం కాదు, లోపలికి నొక్కుకుపోవడం. అక్కడి చల్లదనంలో, పీడనంలో వాయువూ నీరూ కలిసి మంచువంటి హైడ్రేట్ గడ్డలుగా మారి గొట్టాన్ని మూసివేయవచ్చు. ఈ ప్రాంతపు సముద్రగర్భంలో హైడ్రేట్లు సహజంగానే ఉన్నాయని 2006లో ‘జాయిడ్స్ రిజల్యూషన్’ నౌక జరిపిన తవ్వకాలలో తేలింది; ఒకచోట ఆ పొర వంద మీటర్లకు మించిన మందంతో కనిపించింది.

రెండవది ఖండపు వాలు. కృష్ణా, గోదావరి నదులు యుగాలుగా తెచ్చి పోసిన మెత్తని బురద ఈ వాలుమీద పేరుకొని ఉంది. అది జారితే గొట్టాన్ని తనతో ఈడ్చుకుపోతుంది. గొట్టం ఎగుడుదిగుడు నేలమీద ఆధారం లేకుండా వేలాడినచోట ప్రవాహానికి కంపించి లోహం అలసిపోతుంది. మూడవది తీరానికి చేరువైన నిస్సార జలాలు. అక్కడ తుఫాను అలలు, లంగర్లు, చేపల వలలు, నేల కోత ప్రధాన శత్రువులు. కనుక ‘ఈ పైపులైను వైఫల్య సంభావ్యత ఎంత?’ అని ఒక్క ప్రశ్న వేస్తే సరిపోదు. గొట్టాన్ని ఖండాలుగా విభజించి, ప్రతి ఖండానికీ ప్రతి కారణానికీ విడిగా ప్రశ్న వేయాలి.

3. సున్నా వైఫల్యాలు ఏమి చెబుతాయి?

అన్నిటికంటె సులభమైన పద్ధతి లెక్కింపు. ఎన్ని కిలోమీటర్ల గొట్టం ఎన్ని సంవత్సరాలు పనిచేసిందో గుణించి, ఆ ‘కిలోమీటరు-సంవత్సరాల’తో వైఫల్యాల సంఖ్యను భాగించాలి. అరుదైన, పరస్పర సంబంధం లేని ఘటనలకు పాయిజాన్ విభాజనం సహజంగా సరిపోతుంది. యూరప్‌లోని వాయు పైపులైను సంస్థలు 1970 నుంచి జరిగిన ఘటనల సమాచారాన్ని ఈ విధంగా ఉమ్మడిగా సేకరిస్తున్నాయి. నేలమీది గొట్టాలకు వారి దీర్ఘకాల సగటు వెయ్యి కిలోమీటరు-సంవత్సరాలకు సుమారు 0.3 వైఫల్యాలు. ఉత్తర సముద్రపు గొట్టాలకు కూడా బ్రిటన్‌లో ప్రత్యేక సమాచారనిధి తయారయింది.

ఇప్పుడు ఊహాత్మకంగా వంద కిలోమీటర్ల పైపులైను పదిహేనేళ్ళు ఒక్క వైఫల్యమూ లేకుండా పనిచేసిందనుకుందాం. మొత్తం 1,500 కిలోమీటరు-సంవత్సరాలు; వైఫల్యాలు సున్నా. వైఫల్య రేటు కూడా సున్నా అందామా? పాయిజాన్ సూత్రం ప్రకారం, ఆశించిన వైఫల్యాల సంఖ్య మూడు అయినప్పుడు కూడా ఒక్కటీ కనబడకపోయే సంభావ్యత సుమారు 5 శాతం. అందువల్ల సున్నా వైఫల్యాలు చూసినప్పుడు 95 శాతం విశ్వాసంతో చెప్పగల ఎగువ అవధి మూడింటిని పరిశీలనా కాలంతో భాగించగా వచ్చేది. దీనినే ‘మూడింటి సూత్రం’ అంటారు. మన ఉదాహరణలో అది వెయ్యి కిలోమీటరు-సంవత్సరాలకు 2 వైఫల్యాలు, అంటే యూరప్ సగటుకు ఆరున్నర రెట్లకు పైన. పదిహేనేళ్ళ మచ్చలేని చరిత్ర ఆ గొట్టం సగటు గొట్టంకంటె మెరుగని కూడా నిరూపించలేదు.

ఈ పరిమితి లెక్కించేవారి నైపుణ్యలోపం కాదు. ఇది సమాచారంలోనే ఉన్న పరిమితి. దీనిని గణితపరంగా స్థాపించినవారిలో ఒకరు అప్పటి కృష్ణా జిల్లా నూజివీడు, నందిగామలలో బాల్య విద్యాభ్యాసంలో కొంతభాగం గడిపిన కల్యంపూడి రాధాకృష్ణారావు (సి. ఆర్. రావు). 1945లో ప్రచురితమయిన ఆయన పరిశోధన పత్రం నుంచి వచ్చిన క్రామర్-రావు అసమానత ప్రకారం, పక్షపాతం లేని ఏ అంచనాసూత్రానికైనా విస్తృతి ఒక నిర్దిష్ట కనిష్ఠాన్ని దాటి దిగజాలదు. ఆ కనిష్ఠం సమాచారపు పరిమాణానికి విలోమం. పాయిజాన్ రేటుకు ఈ సూత్రాన్ని అన్వయిస్తే సాపేక్ష దోషం ఆశించిన ఘటనల సంఖ్య వర్గమూలానికి విలోమంగా ఉంటుంది. పది శాతం కచ్చితత్వం కావాలంటే సుమారు వంద వైఫల్యాలు చూడాలి. 1,500 కిలోమీటరు-సంవత్సరాలలో యూరప్ సగటు ప్రకారం ఆశించదగినవి 0.45 మాత్రమే; అప్పుడు దోషం అంచనాకు ఒకటిన్నర రెట్లు. వంద వైఫల్యాల కోసం ఎదురుచూడడం ఏ సమాజానికీ సమ్మతం కాదు. అందువల్ల లెక్కింపును దాటి ఇతర పద్ధతులకు వెళ్ళక తప్పదు.

4. బేయ్స్ పద్ధతి: అరువు తెచ్చుకున్న అనుభవం

స్వంత అనుభవం చాలనప్పుడు ఇతరుల అనుభవాన్ని క్రమబద్ధంగా కలుపుకోవడానికి బేయ్స్ సిద్ధాంతం మార్గం చూపుతుంది. పూర్వజ్ఞానాన్ని ఒక విభాజనంగా వ్యక్తంచేసి, కొత్త పరిశీలనతో దానిని సవరిస్తాము. పాయిజాన్ రేటుకు పూర్వవిభాజనంగా గామా విభాజనాన్ని తీసుకుంటే లెక్క కూడికతో ముగుస్తుంది.

ఉదాహరణకు పూర్వజ్ఞానం 5,000 కిలోమీటరు-సంవత్సరాలలో 1.5 వైఫల్యాలు చూసినంత బరువు కలదనుకుందాం. సగటు వెయ్యికి 0.3. మన గొట్టం 1,500 కిలోమీటరు-సంవత్సరాలు వైఫల్యం లేకుండా గడిస్తే కొత్త అంచనా 6,500కు 1.5, అంటే వెయ్యికి 0.23. అదే కాలంలో ఒక వైఫల్యం జరిగితే 6,500కు 2.5, అంటే వెయ్యికి 0.38. మంచి వార్త అంచనాను కొద్దిగా దించింది. చెడువార్త కొద్దిగా పెంచింది. ఒక్క ఘటనతో కంగారుపడకుండా, ఒక్క దశాబ్దపు నిశ్శబ్దంతో నిశ్చింతపడకుండా ఉంచడం ఈ పద్ధతి గుణం.

అయితే ఈ లెక్కలో అతి కీలకమైన సంఖ్య మన కొలత కాదు. 5,000 అనే ఆ పూర్వజ్ఞానపు బరువు. యూరప్ నేలలో పొడివాయువును మోసే గొట్టాల అనుభవం బంగాళాఖాతపు బురదవాలు మీది గొట్టానికి ఎంతవరకు వర్తిస్తుంది? వర్తింపు సందేహాస్పదమైనప్పుడు ఆ బరువును తగ్గించాలి. అప్పుడు అనిశ్చితి పెరుగుతుంది. భద్రతా నివేదికలో పూర్వవిభాజనాన్ని ఎక్కడినుంచి తెచ్చారో, ఎంత బరువిచ్చారో స్పష్టంగా రాయకపోతే ఆ తుది సంఖ్యకు అర్థం ఉండదు.

5. అంత్య విలువలు: వరద, ఉప్పెన, అల

గొట్టాన్ని దెబ్బతీసేది సగటు అల కాదు, అతిపెద్ద అల. సగటు చుట్టూ తిరిగే సాధారణ విభాజనం ఇక్కడ పనికిరాదు. ప్రతి సంవత్సరపు గరిష్ఠాన్ని మాత్రమే తీసుకొని వాటికి గంబెల్ తదితర అంత్య విలువల విభాజనాలను అమర్చడం ఒక మార్గం. ఒక నిర్ణీత స్థాయిని మించిన విలువలన్నిటినీ తీసుకొని పరేటో తరహా విభాజనాన్ని అమర్చడం రెండవ మార్గం. దీని ఫలితమే ‘వందేళ్ళ అల’, ‘వందేళ్ళ వరద’ వంటి మాటలు.

ఈ మాట తరచుగా అపార్థానికి గురవుతుంది. వందేళ్ళ ఘటన అంటే వందేళ్ళకొకసారి వచ్చి వెళ్ళేది కాదు. ప్రతి ఏడాదీ ఒక శాతం సంభావ్యత కలది. ఇరవైఅయిదేళ్ళు పనిచేసే గొట్టం దానిని కనీసం ఒకసారి ఎదుర్కొనే సంభావ్యత 22 శాతం. విజయవాడ పాఠకులకు చేరువైన ఉదాహరణ ప్రకాశం బ్యారేజీ. 2009 అక్టోబరులో అక్కడ సుమారు 11.10 లక్షల క్యూసెక్కుల వరద నమోదయింది. 2024 సెప్టెంబరు మొదట్లో సుమారు 11.43 లక్షల క్యూసెక్కులు. 2009 వరదను ఎవరైనా ‘వందేళ్ళ వరద’ అని ఉంటే, తరువాతి పదిహేనేళ్ళలో అంతటిది మరొకటి వచ్చే సంభావ్యత 14 శాతం. అది అసాధ్యం కాదు కాని, ఆ పేరును పునఃపరిశీలించమని సూచించేంత తక్కువ. వర్షపాతం, జలాశయాల నిర్వహణ, వాతావరణం మారుతున్నప్పుడు గతకాలపు గరిష్ఠాలన్నీ ఒకే విభాజనం నుంచి వచ్చాయనే ప్రాథమిక ఊహ బలహీనపడుతుంది. నదిని దాటే పైపులైన్లకు ఇది నేరుగా వర్తిస్తుంది. వరద నదీగర్భాన్ని కోసినప్పుడే పూడ్చిన గొట్టం బయటపడుతుంది.

సముద్రం వైపు చూస్తే, 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, 1990 మేలో మచిలీపట్నం ప్రాంతాన్ని తాకిన తుఫాను, 1996 నవంబరులో కోనసీమను దెబ్బతీసిన తుఫాను ఈ తీరపు అంత్య విలువలు. ఇవి లోతు సముద్రపు గొట్టాన్ని ఎంతవరకు తాకుతాయి? 14 సెకన్ల ఆవర్తనకాలం కల అల పొడవు లోతునీటిలో సుమారు 300 మీటర్లు. అల పొడవులో సగం లోతుకు, అంటే సుమారు 150 మీటర్లకు దిగేసరికి నీటి కదలిక ఉపరితలంపై ఉన్నదానిలో నాలుగు శాతానికి పడిపోతుంది. వెయ్యి మీటర్ల లోతున తుఫాను అల ఉనికి దాదాపు ఉండదు.

అయినా ఇక్కడొక మెలిక ఉంది. 2004 సెప్టెంబరులో ఐవాన్ హరికేన్ సమయంలో మిసిసిపీ నది డెల్టా ఎదుట సముద్రగర్భపు బురద జారి టేలర్ ఎనర్జీ సంస్థ చమురు వేదికను కూల్చింది. అల నేరుగా చేయలేని పనిని మెత్తని డెల్టా మట్టి ద్వారా చేసింది. 1929 నవంబరులో గ్రాండ్ బ్యాంక్స్ భూకంపం తరువాత వాలుమీద పరుగెత్తిన బురదప్రవాహం అట్లాంటిక్ టెలిగ్రాఫ్ తీగలను ఒకదాని తరువాత ఒకటిగా తెంచింది. కృష్ణా గోదావరి వాలు కూడా నదులు పోసిన మట్టే. అలలకు ఒక సంభావ్యత, మట్టిజారుకు ఒక సంభావ్యత వేరువేరుగా లెక్కించి, అవి స్వతంత్రాలని భావించి గుణిస్తే ప్రమాదం అసలుకంటె తక్కువగా కనిపిస్తుంది. ఒకే తుఫాను రెండింటికీ కారణం కాగలదు.

6. తుప్పు: కొలిచినది ఎంత, పెరిగినది ఎంత?

గొట్టం లోపలి తుప్పును కొలవడానికి ‘పిగ్’ అనే పరికరాన్ని వాయుప్రవాహంతో పాటు పంపుతారు. అయస్కాంత క్షేత్రపు చెదరడాన్ని బట్టి అది గోడలోని గుంటల లోతును అంచనా వేస్తుంది. ఈ పరికరాల కచ్చితత్వాన్ని సాధారణంగా ‘80 శాతం సందర్భాలలో గోడమందంలో పది శాతం అటూఇటూ’ అని పేర్కొంటారు. దోషం సాధారణ విభాజనాన్ని అనుసరిస్తుందనుకుంటే దాని ప్రామాణిక విచలనం పదిని 1.28తో భాగించగా 7.8 శాతం.

ఒక గుంట లోతు మొదటి తనిఖీలో 30 శాతం, అయిదేళ్ళ తరువాత 38 శాతం అని వచ్చిందనుకుందాం. తుప్పు ఎనిమిది శాతం పెరిగిందని నివేదికలో రాయడం సులభం. కాని రెండు కొలతల తేడాలో దోషపు ప్రామాణిక విచలనం 7.8ను రెండు వర్గమూలంతో గుణించగా 11 శాతం. ఎనిమిది శాతపు పెరుగుదలను 11 శాతపు అనిశ్చితి మింగివేస్తుంది. ఆ గుంట అసలు పెరగకపోయి ఉండవచ్చు. ఇరవై శాతం పెరిగి కూడా ఉండవచ్చు.

అనేక గుంటలను కలిపి చూస్తే పరిస్థితి మెరుగవుతుంది. ఒకే తరహా నాలుగువందల గుంటల సగటు పెరుగుదలలో యాదృచ్ఛిక దోషం 11ను 20తో భాగించగా 0.55 శాతానికి తగ్గుతుంది. అయితే రెండు తనిఖీలు రెండు వేర్వేరు పరికరాలతో జరిగి, ఒకటి ఎప్పుడూ మూడు శాతం ఎక్కువగా చూపేదైతే, ఎన్ని గుంటలు కలిపినా ఆ మూడు శాతం తొలగదు. యాదృచ్ఛిక దోషానికి సగటు మందు. క్రమబద్ధ దోషానికి కాదు. తవ్వి తీసి స్వయంగా కొలిచిన కొన్ని గుంటలతో సరిపోల్చడమే దానికి మార్గం. లోతు సముద్రంలో ఆ అవకాశం అరుదు. అందుకే అక్కడి తనిఖీ సంఖ్యలను నేలమీది వాటికంటె ఎక్కువ జాగ్రత్తతో చదవాలి.

మరొక అంశం కూడా ఉంది. గొట్టం విఫలమయ్యేది సగటు గుంట దగ్గర కాదు, అతిలోతైన గుంట దగ్గర. కొంత పొడవును మాత్రమే తనిఖీ చేసి మిగిలిన పొడవులోని అతిలోతైన గుంటను అంచనా వేయడానికి ముందు చెప్పిన గంబెల్ విభాజనమే ఉపకరిస్తుంది. వరదను అంచనా వేసే సాధనమే తుప్పునూ అంచనా వేస్తుంది.

7. విశ్వసనీయత: బలానికీ భారానికీ మధ్య దూరం

వైఫల్యాలు లెక్కించడానికి చాలినన్ని లేనప్పుడు ఇంజనీర్లు వైఫల్యపు యాంత్రికతను నమూనాగా రాస్తారు. గొట్టపు బలం ఒక యాదృచ్ఛిక చలరాశి. దానిమీది భారం మరొకటి. భారం బలాన్ని మించే సంభావ్యతే వైఫల్య సంభావ్యత. ఈ రెండింటి మధ్య ఎడాన్ని ప్రామాణిక విచలనాలలో కొలిచిన దూరమే విశ్వసనీయతా సూచిక. 1974లో హాసోఫర్, లిండ్‌లు దీనికి స్పష్టమైన జ్యామితీయ రూపం ఇచ్చారు. నార్వేకు చెందిన డీఎన్‌వీ సంస్థ సాగరగర్భ పైపులైన్ల ప్రమాణంలో వైఫల్య పరిణామాల తీవ్రతను బట్టి భద్రతా తరగతులను నిర్ణయించి, ఏడాదికి వెయ్యిలో ఒకటి, పదివేలలో ఒకటి, లక్షలో ఒకటి వంటి లక్ష్య సంభావ్యతలను సూచించింది.

ఒక సరళమైన లెక్క చూద్దాం. ఇందులోని సంఖ్యలు వివరణ కోసం ఎంచుకున్నవి. గుంట లోతు గోడమందంలో 80 శాతానికి చేరితే గొట్టం విఫలమైనట్టు భావిద్దాం. నేటి కొలత 50 శాతం. దోషపు ప్రామాణిక విచలనం 7.8. తుప్పు ఏడాదికి సగటున రెండు శాతం చొప్పున పెరుగుతుంది. ఆ రేటులోని అనిశ్చితి ఒక శాతం.

సగటులతో మాత్రమే లెక్కిస్తే మిగిలిన 30 శాతాన్ని రెండుతో భాగించి ‘ఇంకా పదిహేనేళ్ళు నిశ్చింత’ అంటాము. అనిశ్చితిని కలిపి లెక్కిస్తే చిత్రం మారుతుంది. ఈ రోజు ఎడం 30ని 7.8తో భాగించగా 3.85 ప్రామాణిక విచలనాలు. వైఫల్య సంభావ్యత లక్షకు ఆరు. అయిదేళ్ళ తరువాత అంచనా లోతు 60, మొత్తం అనిశ్చితి 9.3, సూచిక 2.16, సంభావ్యత 1.5 శాతం. ఎనిమిదేళ్ళకు అంచనా లోతు 66, అనిశ్చితి 11.2, సూచిక 1.25, సంభావ్యత పది శాతాన్ని దాటుతుంది. ‘పదిహేనేళ్ళ నిశ్చింత’లో సగం గడిచేసరికే పదింట ఒక వంతు ప్రమాదం వచ్చిపడింది. కాలంతో పాటు తుప్పే కాదు, మన అజ్ఞానం కూడా పెరుగుతుంది. మళ్ళీ తనిఖీ చేయడమంటే ఆ అజ్ఞానాన్ని తగ్గించుకోవడమే. తనిఖీల మధ్య వ్యవధిని నిర్ణయించవలసింది ఈ లెక్కే.

అటువంటి గుంటలు నలభై ఉంటే? అవి పూర్తిగా స్వతంత్రాలైతే అయిదేళ్ళకు కనీసం ఒకటి విఫలమయ్యే సంభావ్యత 46 శాతం. అన్నీ ఒకే కారణంతో ఒకేలా ప్రవర్తిస్తే అది 1.5 శాతం దగ్గరే ఉంటుంది. వాస్తవం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. సహసంబంధాన్ని గురించిన ఒక్క ఊహ సమాధానాన్ని ముప్పై రెట్లు మార్చగలదు. నివేదికలలో చాలా తరచుగా ఒక పంక్తిలో దాటిపోయే ఊహ కూడా ఇదే.

8. మోంటె కార్లో అనుకరణ

బలం, భారం, తుప్పు, పీడనం, కంపనం అన్నీ కలిసిన సంక్లిష్ట నమూనాకు చేతిలెక్క చాలదు. అప్పుడు ప్రతి చలరాశికీ దాని విభాజనం నుంచి యాదృచ్ఛికంగా విలువలు తీసి, గొట్టాన్ని గణనయంత్రంలో లక్షలసార్లు ‘బ్రతికించి’ చూస్తారు. ఎన్నిసార్లు విఫలమయిందో లెక్కిస్తారు. ఇక్కడ కూడా మూడవ విభాగంలోని నియమమే ఎదురవుతుంది. పది శాతం కచ్చితత్వానికి వంద వైఫల్యాలు కావాలి. సంభావ్యత పదివేలలో ఒకటయితే వంద వైఫల్యాల కోసం పదిలక్షల అనుకరణలు కావాలి. వైఫల్యానికి చేరువైన ప్రాంతం నుంచి ఎక్కువ ప్రతిరూపాలు తీసి, ఆ పక్షపాతాన్ని బరువులతో సరిదిద్దే ‘ప్రాముఖ్య ప్రతిచయనం’ ఈ భారాన్ని బాగా తగ్గిస్తుంది.

గణనయంత్రంలో వంద వైఫల్యాలు ఎవరికీ హాని చేయవు. అది ఈ పద్ధతికి గల గొప్ప సౌకర్యం. కాని అనుకరణల సంఖ్య పెంచితే తగ్గేది లెక్కలోని దోషం మాత్రమే. నమూనాలోని దోషం అలాగే ఉంటుంది. కోటి అనుకరణలు చేసి నాలుగు దశాంశాల వరకు సంఖ్య చూపిన నివేదిక, విభాజనాల ఎంపిక తప్పయితే, నాలుగు దశాంశాల వరకు తప్పు.

9. నమూనా వెలుపలి ప్రమాదం

ఇప్పుడు మళ్ళీ నగరం దుర్ఘటనను చూద్దాం. పొడివాయువు కోసం ఉద్దేశించిన గొట్టంలో నీరు, ద్రవాలు కలిసిన వాయువు ప్రవహించిందని, దాని వల్ల లోపలి గోడ తుప్పుపట్టిందని దుర్ఘటన తరువాతి విచారణ తేల్చింది. గణాంక దృష్టితో దీని అర్థం ఏమిటి? పొడివాయువు గొట్టాల అనుభవం నుంచి తెచ్చిన వైఫల్య రేటు ఎంత కచ్చితమైనదైనా, అది ఆ గొట్టానికి చెందిన సంఖ్య కాదు. గొట్టం నివేదికలో ఒక జనాభాకు, వాస్తవంలో మరొక జనాభాకు చెందింది. ఈ తప్పును ఏ విశ్వాసాంతరమూ పట్టుకోలేదు. ఎందుకంటే విశ్వాసాంతరం జనాభా సరైనదేనని ముందే ఒప్పుకొని మొదలవుతుంది.

లోతు సముద్రంలో ఇదే పరిస్థితి మరో రూపంలో వస్తుంది. క్షేత్రం వయసు పెరిగేకొద్దీ బావుల్లోకి నీరు చేరుతుంది; పీడనం తగ్గుతుంది. డీ-6లో మొదటి క్షేత్రాల ఉత్పత్తి 2010లో గరిష్ఠానికి చేరి ఆ తరువాత వేగంగా క్షీణించింది. నీటి పాలు మారినప్పుడు తుప్పు రేటు, హైడ్రేట్ల సంభావ్యత, ప్రవాహ స్వభావం అన్నీ మారతాయి. స్థాపన నాటి భద్రతా లెక్క ఆనాటి ద్రవానికి మాత్రమే చెల్లుతుంది. కనుక వాయువులోని తేమ, ఉష్ణోగ్రత, పీడనం వంటి నిత్య కొలతలు నమూనాకు ఆధారమైన ఊహలు ఇంకా నిలిచి ఉన్నాయా లేదా అని తెలిపే సాక్ష్యాలు కావాలి. అవి ఒక అవధిని దాటిన రోజు పాత సంభావ్యత రద్దయినట్టు భావించాలి.

ఇక్కడ వ్యవస్థ పాత్ర కూడా ఉంది. సముద్రంలో పెట్రోలియం కార్యకలాపాల భద్రతకు 2008 నాటి నియమాలు, నేలమీది సహజవాయు పైపులైన్ల సమగ్రతా నిర్వహణకు 2012 నాటి నిబంధనలు మన దేశంలో ఉన్నాయి. నిబంధన తనిఖీని కోరుతుంది. ఆ తనిఖీ సంఖ్యను ఎలా చదవాలో గణాంకశాస్త్రం చెబుతుంది. ఈ రెండూ కలిసినప్పుడే గొట్టం పక్కనున్న ఊరికి రక్షణ.

10. ఉపసంహారం

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి.

ఒకటి, వైఫల్యాలు లేకపోవడం భద్రతకు బలహీనమైన సాక్ష్యం. దాని బలాన్ని మూడింటి సూత్రంతో ఎవరైనా కొలవవచ్చు. రెండు, ఇతర ప్రాంతాల అనుభవాన్ని అరువు తెచ్చుకోవచ్చు కాని దాని బరువును బహిరంగంగా చెప్పాలి. మూడు, కృష్ణా గోదావరి వాలు వంటి మెత్తని నేలలో తుఫాను, మట్టిజారు స్వతంత్ర ఘటనలు కావు. నాలుగు, తుప్పు కొలతలో యాదృచ్ఛిక దోషం, క్రమబద్ధ దోషం వేర్వేరుగా చూపని నివేదిక అసంపూర్ణం. అయిదు, సగటు ఆయుర్దాయం కంటె చాలా ముందే ప్రమాదం అంగీకారయోగ్య అవధిని దాటుతుంది. ఆరు, గొట్టంలో ప్రవహించే ద్రవం మారితే సంభావ్యత కూడా మారుతుంది.

ఈ లెక్కలలో ఏదీ స్నాతకోత్తర గణాంకశాస్త్ర పాఠ్యాంశాల పరిధిని దాటినది కాదు. కావలసినది సమాచారం. యూరప్ సంస్థల వలె మన దేశంలోని పైపులైను నిర్వాహకులు కూడా వైఫల్యాలను, స్వల్ప లీకులను, కిలోమీటరు-సంవత్సరాలను ఒకే నిర్వచనంతో నమోదుచేసి పరిశోధకులకు అందుబాటులో ఉంచితే, అరువు తెచ్చుకున్న పూర్వవిభాజనం స్థానంలో మన నేలకూ మన సముద్రానికీ చెందిన విభాజనం నిలుస్తుంది. ప్రకాశం బ్యారేజీ వరద రికార్డు, తీరపు తుఫానుల రికార్డు ఇప్పటికే పరిశోధనకు సిద్ధంగా ఉన్న అంశాలు. విజయవాడ, మచిలీపట్నం, కాకినాడ, విశాఖపట్నం కళాశాలల గణాంక విభాగాలు, భూగర్భశాస్త్ర విభాగాలు కలిసి వీటిపై పనిచేయవచ్చు. ఒక గొట్టానికి ‘పదివేలలో ఒకటి’ అనే ముద్ర వేసినప్పుడు ఆ ఒకటి ఎవరి ఊరికి వస్తుందో ముందుగా తెలియదు. ఆ సంఖ్య ఎలా వచ్చిందో అడిగే అర్హత మాత్రం గొట్టం దారిలోని ప్రతి ఊరికీ ఉంది. ఆ ప్రశ్నను సరిగ్గా అడగడం నేర్పే బాధ్యత అధ్యాపకులది.